మూడో నంబరు

దిబ్బకుప్పంలో నాకు రెండు ఉద్యోగాలుండేవి. పొద్దున బడిపంతుల్ని. నాలుగు కొట్టగానే అదే గదిలో, అదే కుర్చీలో, పోస్టుమాస్టర్ని. బడిలో పిల్లలు నా మాట చెవిన పెట్టేవాళ్ళు కాదు. పోస్టాఫీసులో మాత్రం వాళ్ళ అమ్మానాన్నలు నేను చెప్పిందే వేదమన్నట్టు వినేవాళ్ళు. ఊరికి వచ్చే కాగితం ఏదైనా నా నోటి గుండానే వాళ్ళకు చేరాలి మరి. ఈ గౌరవం నాకు బాగా వంటబట్టింది. జరిగినదానికి సగం కారణం అదేనని ముందుగానే ఒప్పుకుంటున్నాను.

సూళ్ళూరుపేటలో రైలు దిగి, పులికాట్ సరస్సు మీద రెండు గంటలు పడవలో కూర్చుంటే దిబ్బకుప్పం వస్తుంది. గాలి ఎదురైతే మూడు గంటలు. నలభై కాపురాలు. అందరూ వలలు వేసి బతికేవాళ్ళే. సముద్రం నీళ్ళు సరస్సులోకి వచ్చే మొగ దగ్గర రొయ్య బాగా పడే చోట్లు ఆరున్నాయి, ఆరే ఉన్నాయి. నలభై కాపురాలకు ఆరు చోట్లు ఎట్లా పంచుతారు? మా కోవూరులో అయితే మూడో రోజుకే తలలు పగిలి, నాలుగో రోజుకు నెల్లూరు కోర్టులో వకీళ్ళు బాగుపడేవాళ్ళు. ఇక్కడ వంతులు. ఏటా వానలకు ముందు ఊరంతా కూర్చుని చీట్లు వేస్తారు. ఎవరి తరవాత ఎవరో ఆ రోజే తేలిపోతుంది, ఇక ఏడాది పొడుగునా ఎవరూ ఎవరితోనూ దెబ్బలాడరు.

ఆ వంతుల వరస అంతా కామాక్షయ్య తలలో ఉండేది. కాగితం లేదు, కలం లేదు, ఆయనకు వేలిముద్ర తప్ప సంతకం కూడా రాదు. ఫలానా రోజు, ఫలానా చోట, ఎవరి వల అని అడిగితే మనిషి కళ్ళు మూసుకోకుండానే చెప్పేవాడు. ప్రతి రోజూ పొద్దున్నే ఒక్కో చోటికి ముగ్గురి పేర్లు పిలుస్తాడు. ఒకరి తరవాత ఒకరు వల వేయాలి. మిగతా ఇద్దరూ ఇసక గట్టున కూర్చోవాలి. అట్లా కూర్చున్నవాడు తన వంతు వచ్చేదాకా ఇంకెక్కడా వల తడపకూడదు. తడిపితే వంతు పోయినట్టే. ఇంకోచోట పట్టుకోగలిగినవాడికి ఇక్కడ వంతు దేనికని వాళ్ళ న్యాయం. అదే విధంగా, గట్టున కూర్చున్నవాణ్ణి దాటి వెనకవాడు నీళ్ళలో దిగడమన్నది నేనున్న పదిహేనేళ్ళలో చూడలేదు. ఒకతను జ్వరంతో మూలుగుతూ గట్టున పడి ఉంటే, వెనకవాడు గంటసేపు వల భుజాన వేసుకుని నిలబడ్డాడు గాని నీళ్ళలో కాలు పెట్టలేదు.

కామాక్షయ్యకు ఒక్కడే కొడుకు, జయకుమార్. నా బడిలో అయిదో క్లాసు దాకా చదివి, సూళ్ళూరుపేటలో ఎస్సెస్సెల్సీ పాసై, నెల్లూరులో హాస్టల్లో ఉండి పి.యు.సి. చదివాడు. పిల్లలు నా మాట వినేవాళ్ళు కారన్నాను కదా, విన్న కొద్దిమందిలో వీడొకడు. అరవైమూడు మేలో పి.యు.సి. ఫస్టు క్లాసులో పాసయ్యాడు. ఆ ఫలితాలు పడిన పేపరును తల్లి పేరమ్మ మడిచి బియ్యం కుండలో పెట్టుకుంది. వాడికి డాక్టరు కావాలని ఉండేది. ఊళ్ళో పాము కరిచినా, కాన్పు కష్టమైనా, పడవ మీద పేటకు చేరేలోపు సగంమంది దారిలోనే పోయేవాళ్ళు కాబట్టి వాడి కోరికలో వింతేమీ లేదు. రెండు దరఖాస్తులు నేనే దగ్గరుండి నింపించాను. ఒకటి మెడికల్ కాలేజీకి, ఒకటి నెల్లూరులో బి.యస్సీ.కి. ఆ మెడికల్ కాలేజీ ఏ ఊళ్ళోదో చెప్పను. చెప్తే ఇప్పుడక్కడ బుద్ధిగా పనిచేసుకుంటున్నవాళ్ళకు కోపం వస్తుంది.

జూలై మొదటి వారంలో నెల్లూరు నుంచి జాబు వచ్చింది. బి.యస్సీ.లో సీటు ఇచ్చారు. దానితోపాటు మెరిట్ స్కాలర్‌షిప్పు కూడా. కాలేజీ జీతం కట్టనక్కరలేదు, హాస్టలు భోజనం ఉచితం. పదిహేనో తారీకులోపు వచ్చి చేరాలి. నేను చదివి చెప్పగానే పేరమ్మ రెండు చేతులూ ఎత్తి సముద్రం వైపు దణ్ణం పెట్టింది. ఆ స్కాలర్‌షిప్పు లేకపోతే వాడి చదువు అక్కడితో సరి. ఈ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

మూడు రోజుల తరవాత రెండో జాబు వచ్చింది. మెడికల్ కాలేజీది. అప్పుడు పడవలు వచ్చే వేళ, ఊళ్ళో సగంమంది ఒడ్డునే ఉన్నారు. కవరు చింపి ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి చదివాను. సీటు రాలేదు, వెయిటింగ్ లిస్టులో పెట్టారు, నంబరు మూడు.

"అంటే ఏంది అయ్యోరా?" అన్నాడు కామాక్షయ్య.

"ఇప్పుడు సీట్లు నిండిపోయాయి. ఎవరైనా చేరకపోతే ఆ సీటు లిస్టులో మొదటివాడికి ఇస్తారు. తరవాత రెండోవాడికి. తరవాత మనవాడికి."

"మన గట్టున కూర్చునే మూడో మనిషి మాదిరి."

"అంతే అనుకో."

అంతే కాదని నాకు తెలుసు. ఎవరూ సీటు వదులుకోకపోవచ్చు, వదులుకున్నా మూడు దాకా రాకపోవచ్చు, వచ్చినా ఆ మూడు మూడుగానే ఉంటుందన్న నమ్మకం లేదు. నేను పుట్టి పెరిగిన చోట లిస్టులు ఎట్లా నడుస్తాయో నాకు తెలియనిది కాదు. కాని అంతమంది ముఖాలు విప్పార్చుకుని చూస్తున్నారు. ఆ ఆశ మీద నీళ్ళు చల్లడం ఎందుకని ఊరుకున్నాను. ఆ సాయంత్రం పేరమ్మ వేయించిన రొయ్యలు పంపింది, తిన్నాను. బాగున్నాయి కూడా.

మర్నాడు జయకుమార్ నెల్లూరు కాలేజీ పేరు రాసిన కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. చేరుతున్నానని రాసి ఉంటాడనుకున్నాను. వాడు ఏదో చెప్పబోయినట్టు కాసేపు నిలబడ్డాడు. నేను లెక్క చూసుకుంటున్నాను. "స్టాంపు సరిగ్గా అతికించావా?" అని అడిగి, ముద్ర కొట్టి సంచిలో వేశాను.

పద్నాలుగో తారీకు సాయంత్రం, పెట్టె సర్దుకున్నాడో లేదో చూద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. జయకుమార్ ఇంట్లో లేడు. కామాక్షయ్య ఇంటి ముందు అరుగు మీద కూర్చుని వలకు సీసపు గుళ్ళు కడుతున్నాడు.

"రేపు ఏ పడవకు వెళ్తున్నాడు మీవాడు?" అన్నాను.

"యాడికి?"

"నెల్లూరికి."

"నెల్లూరికి ఎందుకు పోతాడు అయ్యోరా? ఆ సీటు వద్దని రాసేసినాం గదా. మీరే గదా ముద్ర కొట్టి పంపించినారు."

ఆయన చేతిలో పని ఆపకుండా, పిల్లవాడికి చెప్పినట్టు నెమ్మదిగా నాకు చెప్పాడు.

"అది పట్టుకోని ఉండి ఇది కూడా కావాలంటే తప్పు గదా. మూడో మనిషని పేరు పిలిచినాక ఇంకోచోట వల తడపొచ్చునా? నెల్లూరు సీటు ఇంగెవురో బిడ్డకు ఉపయోగపడతాది. వాడు ముందు ఊరికే నిలబడుండినాడు. నేనే చెప్పి రాయించినా."

గుండె జారిపోయిందంటారే, ఆ మాట ఎందుకు పుట్టిందో నాకు ఆ అరుగు ముందు తెలిసింది. అప్పుడైనా నోరు విప్పి, "కామాక్షయ్యా, అది వంతు కాదు, నేను తప్పు చెప్పాను" అనాల్సింది. ఇప్పుడు చెప్పి లాభమేమిటి, రేపే గడువు, ఆయన మనసు కష్టపెట్టడం తప్ప ఏముంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిరికివాడికి కారణాలు కొదవా?

నేను చేసిన పని ఒక్కటే. మర్నాడు పొద్దున్నే పేటకు వెళ్ళి, మొదటి బండెక్కి నెల్లూరు చేరి, కాలేజీ ఆఫీసులో చేతులు కట్టుకుని నిలబడ్డాను. వాళ్ళు మర్యాదగా రిజిస్టరు తెరిచి చూపించారు. జయకుమార్ ఉత్తరం అందిన రోజే ఆ సీటూ స్కాలర్‌షిప్పూ లిస్టులో తరవాతివాడికి రాసేశారట. అతను చేరిపోయాడు కూడా. మా కర్మానికి అక్కడ లిస్టు ఏ వంకా లేకుండా వరసగా నడిచింది.

ఈ ప్రయాణం సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

నెలాఖరుకు కామాక్షయ్య చద్దిమూట కట్టుకుని పేట పడవ ఎక్కాడు. ఎక్కడికయ్యా అంటే కాలేజీకన్నాడు. పేరు పిలిచినప్పుడు మనిషి గట్టున లేకపోతే ఎట్లా అన్నాడు. జాబు రాస్తారు, ఇంటికే వస్తుంది అన్నాను. "జాబు పడవలో రావాల గదా అయ్యోరా, అంతసేపు వాళ్ళెందుకు కాచుకోనుంటారు?" అన్నాడు. గట్టున కాపురానికి పెద్దే కూర్చోవాలి కాబట్టి కొడుకును ఇంటి దగ్గరే ఉండమన్నాడు. వంతుల వరస పిలిచే పని పన్నెండు రోజులకు సరిపడా పెద్దాయన రమణయ్యకు అప్పజెప్పి వెళ్ళాడు. రమణయ్య నాలుగో రోజే రెండు పేర్లు తారుమారు చేసి అందరిచేతా మాటలు పడ్డాడు.

పన్నెండు రోజులైనా మనిషి రాలేదు. పదిహేనో రోజు నాకు కార్డు వచ్చింది. కాలేజీలో పనిచేసే సుభాని అనే అటెండరు రాశాడు. "మీ ఊరి పెద్దమనిషి మా ఆఫీసు వరండా మీద కూర్చుని ఉన్నాడు. రాత్రిళ్ళు నేనే సైకిల్ షెడ్డులో పడుకోనిస్తున్నాను. లిస్టు ముగిసిపోయింది. చెప్తే కదలడం లేదు. తమరు వచ్చి తీసుకుపోవలసింది." కింద సంతకం, తారీకు.

జయకుమార్ తానూ వస్తానన్నాడు. వద్దన్నాను. తండ్రిని ఆ వరండా మీద వాడు చూడకుండా ఉంటే మంచిదనిపించింది.

నేను వెళ్ళేసరికి కామాక్షయ్య ఆఫీసు గుమ్మానికి ఎదురుగా గోడకు ఆనుకుని గొంతుకూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. తువ్వాలు మాత్రం ఉతికి ఆరేసుకున్నట్టుంది, తెల్లగా ఉంది. నన్ను చూసి లేచాడు.

"ఇద్దరు పోయినారు అయ్యోరా. ఒకటో నంబరూ, రెండో నంబరూ. నేను చూస్తానే ఉండా. మొన్న ఇంగొక సీటు ఖాళీ అయినాది. అది మనదే గదా? అడిగితే అయిపోయిందంటాడు లోపలుండే గుమస్తా."

లోపలికి వెళ్ళాను. గుమస్తా నన్ను తల నుంచి కాలి దాకా చూసి, ఒక కాగితం ముందుకు తోశాడు. ఒకటో నంబరు చేరాడు. రెండో నంబరు చేరాడు. ఆ తరవాత ఉన్నది ఎనిమిదో నంబరు. అతనూ చేరాడు. అడ్మిషన్లు ముగిసినవి.

"మూడు ఏమైంది?" అన్నాను.

"ప్రత్యేక కారణాల మీద ఎనిమిదికి ఇచ్చారు."

"ఏమిటా కారణాలు?"

"ప్రత్యేకమైనవి" అన్నాడు గుమస్తా. విసుగు లేదు, వెటకారం లేదు. రోజుకు పదిమందికి చెప్పే మాట నాకూ చెప్పాడు.

బయటికి వస్తుంటే వరండా చివర నుంచి "ఏమయ్యా పంతులూ, నువ్వేమిటి ఇక్కడ?" అని పిలుపు. మా కోవూరు రైసు మిల్లు ఆసామి. పక్కన కొడుకు, చేతిలో కొత్త పుస్తకాలు. నా భుజం మీద చెయ్యేసి, పిల్లవాడికి ఇక్కడ సీటు వచ్చిందని, అనుకోలేదని, అంతా భగవంతుడి దయ అని చెప్పాడు. మా నాన్న ఆరోగ్యం అడిగాడు. నిజానికి మంచి మనిషే. మా పొలం వడ్లు ఆయన మిల్లులోనే ఆడేవాళ్ళం.

కామాక్షయ్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "సామీ, మీ బిడ్డది ఎన్నో నంబరు?" అని అడిగాడు.

"ఎనిమిది" అన్నాడు మిల్లు ఆసామి. దాచుకోవాల్సిన విషయమని ఆయనకు తోచలేదు.

కామాక్షయ్య ఆ కుర్రవాణ్ణీ, తండ్రినీ, నన్నూ చూశాడు. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, తెచ్చుకుంటే బాగుండుననుకున్నాను. ఆయన మిల్లు ఆసామిని వదిలేసి, గుమ్మంలో నిలబడ్డ సుభానిని అడిగాడు.

"అన్నా, ముందు కూర్చున్నోణ్ణి దాటి పోతే ఈడ ఏం శిక్ష వేస్తారు?"

సుభాని నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. "శిక్షేం లేదు తాతా" అన్నాడు సుభాని చివరికి. "ఇంటికి పో. బిడ్డ ఎదురు చూస్తుంటాడు." మిల్లు ఆసామికి ఈ సంభాషణ ఏమిటో అర్థం కాక, కోవూరు వచ్చినప్పుడు ఇంటికి రమ్మని నాతో చెప్పి వెళ్ళిపోయాడు.

తిరుగు బండిలో వస్తూ గూడూరులో కామాక్షయ్యకు టీ ఇప్పిస్తే తాగాడు. గ్లాసు తిరిగి ఇస్తూ, "మీ ఊళ్ళల్లో వంతులుండవా అయ్యోరా?" అన్నాడు. ఉంటాయి గాని, అంటూ ఏదో మొదలుపెట్టాను. రైలు కూత వేయడంతో ఆ వాక్యం పూర్తిచేసే బాధ తప్పింది.

సెప్టెంబరు చివర ఊరంతా చీట్లకు కూర్చుంది. ఆ రోజు బడికి సెలవు ఇవ్వకపోయినా పిల్లలు రారు కాబట్టి నేనూ వెళ్ళి ఒక పక్కన కూర్చున్నాను. చీట్ల కుండ మధ్యలో పెట్టారు. ఎప్పుడూ కుండ పక్కన కూర్చునే కామాక్షయ్య ఆ రోజు ఎదురుగా నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి నడుముకు చుట్టుకున్నాడు. తప్పు చేసినవాడు నిలబడే పద్ధతి అది.

"నేనొకరి వంతు పోగొట్టినా. శిక్ష వెయ్యండి."

"ఎవురి వంతు?" అన్నాడు రమణయ్య.

"నా కొడుకుది. నెల్లూరు సీటు వాడి చేతికొచ్చిన వంతు. వాడు కష్టపడి తెచ్చుకున్నాడు. నేను వద్దని రాయించినా."

రమణయ్య నవ్వాడు. "అది కాలేజీ సంగతి గదప్పా. మన నీళ్ళ సంగతి కాదే. దానికి కట్టుబాటు యాడుంది?"

"వంతు వంతే. యాడైనా అంతే. ఒకరి వంతు పోగొట్టినోడు ఆ ఏడు తన వంతు వాళ్ళకిచ్చి గట్టున కూర్చోవాల. మీ నాయన కాలంలో మా తాత అట్టనే కూర్చున్నాడు. నాకెందుకు లేదు?"

పేరమ్మ ఆడవాళ్ళలోంచి లేచింది. "ఏమయ్యా, నీకేమన్నా పిచ్చా? ఏడాదంతా ఏం తినేది? వాడేం అడిగినాడా నిన్ను? రేయ్ జయా, చెప్పరా మీ నాయనకు!"

జయకుమార్ తల వంచుకుని కూర్చున్నాడు. "నాకు వద్దు నాయనా" అన్నాడు, పక్కవాడికి కూడా సరిగ్గా వినిపించకుండా.

"నీకు కావాల్నా వద్దా అని కాదు. నాకు ఉండగూడదు" అన్నాడు కామాక్షయ్య.

పెళ్ళికానివాడికి వంతు ఇవ్వడం ఆ ఊళ్ళో లేదు. దాని మీద ఒక గంట వాదించుకున్నారు. చివరికి, ఇది ఇవ్వడం కాదు, నష్టం పూడ్చడం కాబట్టి ఫరవాలేదని తేల్చారు. నేను ఆ గంటసేపూ కదలకుండా కూర్చున్నాను. నా నోటి దాకా వచ్చింది. తప్పు ఆయనది కాదు, నాది, అది వంతు లాంటిదేనని చెప్పింది నేను అని లేచి చెప్పాలని మూడుసార్లు అనుకున్నాను. నలభై కాపురాల ముందు నా గౌరవం ఏమవుతుందోనన్న బెంగ నన్ను లేవనీయలేదు. సిగ్గుపడ్డాను. సిగ్గుపడుతూ కూర్చున్నాను.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, రొయ్య బాగా వచ్చింది. జయకుమార్ తండ్రి వంతుల్లో వల వేశాడు. చిన్నప్పుడు నేర్చిన పనే అయినా మొదటి నెలంతా అరచేతులు పుళ్ళు పడ్డాయి. కామాక్షయ్య ఎప్పటిలాగే పొద్దున్నే పేర్లు పిలిచేవాడు. తన ఇంటి పేరు వచ్చినప్పుడు "జయకుమార్" అని పిలిచేవాడు. తరవాత వెళ్ళి ఎవరిదో చిరిగిన వల ముందు వేసుకుని కూలికి కుట్టేవాడు. ఒక్కరోజు కూడా నీళ్ళలో దిగలేదు. కొడుకు బరువైన వల లాగలేక తూలుతుంటే గట్టు మీద నుంచి చూసేవాడు, లేచేవాడు కాదు.

మళ్ళీ జూన్ వచ్చింది. ఒక సాయంత్రం జయకుమార్ పోస్టాఫీసుకు వచ్చి నాలుగు కవర్లు బల్ల మీద పెట్టాడు. నాలుగు కాలేజీలు, నాలుగు ఊళ్ళు. అన్నీ బి.యస్సీ.కే. స్కాలర్‌షిప్పు ఆ ఏడు పాసైనవాళ్ళకే గాని పోయినేడువాళ్ళకు ఇవ్వరని అప్పటికే నెల్లూరు నుంచి జవాబు వచ్చింది. జీతం రొయ్యల డబ్బుతో కట్టుకోవాలి. మెడికల్ కాలేజీ మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"నాలుగు చోట్లా?" అన్నాను.

"నాలుగు చోట్లా అయ్యోరా. నాయనకు మాత్రం చెప్పబాకండి."

ముద్ర చేతిలోకి తీసుకున్నాను గాని కొట్టలేదు. ఏడాదిగా గొంతులో ఉన్నది అడిగేశాను. "జయా, ఆ లిస్టు మన గట్టు లాంటిది కాదని నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు. ఏడాది హాస్టల్లో ఉండినా గదా."

"మరి మీ నాయనకు ఎందుకు చెప్పలేదు?"

వాడు కొంచెం ఆశ్చర్యంగా నా ముఖంలోకి చూశాడు. "మీరు అంతే అనుకో అన్నారు గదా. నేను కాదంటే మీ మాట అబద్ధమని చెప్పినట్టు గదా. కవరు తెచ్చినరోజు మీరే అడుగుతారనుకున్నా, ఇందులో ఏం రాసినావురా అని. అడిగితే చెప్పేసేవాణ్ణి. మీరు నాయనకు చెప్తారనుకున్నా."

నాలుగు కవర్ల మీదా ముద్ర కొట్టాను. వాడు వెళ్ళిపోయాక కాసేపు కూర్చుని, గదికి తాళం వేసి, వాళ్ళింటి వైపు నడిచాను.

కామాక్షయ్య ఒడ్డున కూర్చుని వేరేవాళ్ళ వల కుడుతున్నాడు. ఎదురుగా ఇసకలో కూలబడ్డాను. ఒడ్డున ఇంకెవరూ లేరు. ఉంటే అప్పుడూ చెప్పేవాణ్ణి కానేమో.

"కామాక్షయ్యా, ఆ లిస్టు మీ వంతు లాంటిది కాదని నాకు మొదటి రోజే తెలుసు. నువ్వు అడిగితే అంతే అనుకో అన్నాను. తెలిసే అన్నాను. నీ కొడుకు వంతు పోగొట్టింది నువ్వు కాదు. ఆ రోజు చీట్ల దగ్గర కూడా చెప్పాలనుకున్నాను, చెప్పలేకపోయాను. ఇప్పుడు ఊరందరినీ పిలువు. వాళ్ళ ముందు చెప్తాను. మీ వాళ్ళు ఏ శిక్ష వేసినా సరే."

ఆయన చేతిలో కుట్టు ఆగింది. తిడతాడని, కనీసం చేతిలోది విసిరికొడతాడని ఎదురుచూశాను. నా ముఖం చాలాసేపు చూశాడు. ఆ కాలేజీ వరండాలో మిల్లు ఆసామిని కూడా అట్లాగే చూశాడు. మళ్ళీ వల మీదికి వంగి, తెగిన కన్ను వెతుక్కుని దారం దూర్చాడు.

"మీరు బయటోళ్ళు అయ్యోరా" అన్నాడు. "మీకు శిక్ష యాడుంటాది?"